ఖాలా జత చేసిన రెండు సీడీలు

పోయిన నెల ఒక తెల్లవారుజామున అమ్మ ఫోన్ చేసింది. ఆ వేళకు అమ్మ ఎప్పుడూ ఫోన్ చేయదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది, పలకల మిల్లుకు పోయే తొందర ఉంటుంది. అందుకే మోగగానే ఎత్తాను.

"ఖాలా పోయింది అమ్మీ," అంది.

లేచి కూర్చున్నాను. అమ్మే మళ్ళీ అందుకుంది. "నిన్న మాపటేల దాకా మిషన్ మీదనే ఉండె. నా రవికెకు హుక్కులు కుట్టి ఇచ్చి, కొంచెం లావైనావే అని నవ్వింది. పొద్దున నమాజుకు లేయలే. కోడలు పోయి లేపితే..." అంతటితో ఆపేసింది. ముక్కు చీది, "సాయంత్రం నమాజు అయినాక తీసుకపోతారంట. ఆ లోపల వస్తే మొగం చూస్తావు," అంది.

హైదరాబాదులో దొరికిన మొదటి బస్సు ఎక్కాను. దారిపొడుగునా ఖాలా ముఖం గుర్తు తెచ్చుకుందామని చూశాను. కానీ నాకు కనిపించింది ఆమె కుడికాలు. కుట్టుమిషన్ తొక్కే కాలు. సినిమా బాగుంటే ఆగిపోయే కాలు. ఆమె గురించి నాలుగు మాటలు రాయాలంటే అక్కడినుంచే మొదలుపెట్టాలి.

ఖాలా అంటే ఉర్దూలో అమ్మకు తోడబుట్టినామె. మాకు ఆమె చుట్టం కాదు, మార్కాపురంలో మా పక్కింటామె. మాది కొనకనమిట్ల వైపు పల్లె. వానలు లేక, మేత లేక నాయన జీవాలన్నీ అమ్మేశాడు. మా వైపు గొర్రెలనూ మేకలనూ జీవాలనే అంటాం. అమ్మేసి, మమ్మల్ని తీసుకుని మార్కాపురం వచ్చి పలకల మిల్లులో కూలికి చేరాడు. అమ్మ పలకలకు చెక్క చట్రాలు బిగించేది. లోకంలో పిల్లలందరూ రాసుకునే పలకలు చేసేవాళ్ళే ఇద్దరూ, ఇద్దరికీ ఒక్క అక్షరం రాదు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. బడి వదిలిపెట్టే వేళకు మా ఇంటికి తాళం ఉండేది. నేను ఖాలా ఇంటికి పోయేదాన్ని.

"కాళ్ళు కడుక్కున్నావా? రా, లోపలికి రా. సినిమా సగమైంది. ముందు జరిగింది నేను చెప్తాలే," అనేది ఆమె మిషన్ ఆపకుండానే.

ఆమె భర్తకు బస్టాండు దగ్గర సీడీలు అద్దెకిచ్చే దుకాణం ఉండేది. ఫోన్లలోకి సినిమాలు వచ్చాక ఆ దుకాణానికి మనుషులు రావడం మానేశారు. మూసేసిన రోజు ఆయన మిగిలిన సీడీలన్నీ బియ్యం సంచుల్లో పోసుకుని ఇంటికి తెచ్చాడు. కొత్త సినిమాలు పట్టుకుపోయినవాళ్ళు వాటితోనే మాయమయ్యారు కాబట్టి సంచుల్లో ఉన్నవన్నీ ఎవరూ అడగనివి. నలుపు తెలుపు సినిమాలు, ఏ దేశానివో తెలియని సినిమాలు. పాత సామాన్లవాడికి వేసేద్దామని ఆయన అంటే, "నక్కో, వద్దు! నాకు పగలంతా పొద్దుపోవద్దా?" అని ఖాలా సంచులను మంచం కిందికి తోసేసిందట. తర్వాత కొంతకాలానికి ఆయన పోయాడు. సంచులు మంచం కిందనే ఉండిపోయాయి.

మిషన్‌కు ఎదురుగా, గోడవార, వెనక బుర్ర పొడుచుకొచ్చిన పాత టీవీ ఉండేది. ఆమె రవికెలు కుడుతూ సినిమా చూసేది. మిషన్ కటకటలో తెలుగు మాటలూ వినిపించవు, ఇంగ్లీషు మాటలూ వినిపించవు. కాబట్టి ఏ భాష సినిమా అయినా ఆమెకు ఒకటే. కింద అక్షరాలు పడుతుంటే, "ఆ చీమలు ఏం చెప్తున్నాయో చూడు," అని నన్ను అడిగేది. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కునేలోపల చీమలు వెళ్ళిపోయేవి. "పోనీలే, మొగం చూస్తే తెలియడంలే? ఆ పిల్లకు ఆ పెండ్లి ఇష్టం లేదు," అని తేల్చేసేది. అయినా నేను వదిలేదాన్ని కాదు. రోజుకు ఒకటో రెండో మాటలు పట్టుకుని బడిలో సారును అడిగేదాన్ని. ఈ రోజు నేను కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెప్తున్నానంటే, ఆ చీమల వెంట పరుగెత్తి నేర్చుకున్నదే చాలావరకు.

సినిమాల మీద ఆమె అభిప్రాయాలు మా వీధిలో అందరికీ తెలుసు. రవికె కొలతలిచ్చే ఆడవాళ్ళు అవి విని నవ్వుకుంటూ పోయేవాళ్ళు.

పాత సినిమాల్లో ఆమెకు నచ్చింది ఏడుపు. "ఏడిస్తే వీధి చివరిదాకా వినిపించాల. ఆ రోజుల్లో అట్ల ఏడ్చేటోళ్ళు. ఈ ఫారినోళ్ళు ఏడిస్తే చేతిలో టీకప్పుకు కూడా తెలియదు," అనేది. పాత హీరోల పొట్టలు కూడా నచ్చేవి. "ఇంట్లో వండింది తిన్నోడు అనిపిస్తాడు. ఇప్పటోళ్ళ చేతులు చూడు, ఏ చొక్కా పడుతుంది వాటికి?"

యుద్ధం సినిమా ఒకటి ఉండేది. మంచులో వేలమంది నడుస్తుంటారు, కొట్టుకుంటారు, పడిపోతారు. ఖాలా ఆ సినిమా అంతా కాజాలు కుడుతూనే చూసి, "ఇంతమంది ఉన్నారు కదా, వంట ఎవరు చేస్తున్నారో ఒక్కసారి కూడా చూపించలేదు. ఇది అబద్ధం సినిమా," అని తీర్పు చెప్పింది. ఫారిన్ సినిమాల్లో ఇంటికి ఎవరైనా వస్తే తిన్నావా అని అడగకపోవడం ఆమెకు చివరిదాకా మింగుడుపడలేదు.

ఎవరైనా ముద్దు పెట్టుకునే సూచన కనబడితే చేతిలోని గుడ్డను టీవీ మీదికి విసిరేది. కాసేపయ్యాక కొస ఎత్తి తొంగిచూసి, "ఇంకా కాలే," అని మళ్ళీ దించేది. ఒకసారి ఆ గుడ్డ కిందనే సినిమా అయిపోయింది.

"మంచి సినిమా," అంది ఖాలా. "ఇంటిల్లిపాదీ చూడొచ్చు."

ఎండాకాలం మా వీధికి నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజుల్లో, మెడ మీద చెమట తుడుచుకుంటూ, "వాన సినిమా పెట్టు అమ్మీ," అనేది. అందులో ఒక మనిషి గొడుగు లేకుండా వానలో నడుచుకుంటూ పోతాడు. అంతే. ఎంతసేపటికీ పోతూనే ఉంటాడు. "సినిమా తీసినాయన కెమెరా ఆపేది మరిచి నిద్రపోయినాడు," అనేది ఖాలా. "పోనీలే. ఇంత వాన మన ఊర్లో మళ్ళా ఎప్పుడు చూస్తాం." ఆ సినిమా మేము ఎన్నిసార్లు చూశామో. ట్యాంకరు దగ్గర బిందెల గొడవ బయట వినిపిస్తుండేది. లోపల మేమిద్దరం ఆ వాన చూస్తూ కూర్చునేవాళ్ళం.

సినిమా బాగుందా లేదా అని ఆమె నోటితో చెప్పాల్సిన పని లేదు. నడుస్తున్నంతసేపూ కాలు తొక్కుతూనే ఉంటే అది మామూలు సినిమా. కాలు ఆగిందంటే అది మంచి సినిమా. "ఇది కాలు ఆపిన సినిమా," అని పక్కకు తీసి పెట్టేది. కాలు ఆగడం ఆమెకు తేలిక కాదు. పండగ ముందర రవికెలు గుట్టగా పడి ఉండేవి.

సినిమా అయిపోయాక తప్పకుండా నన్ను ఒక మాట అడిగేది: "నీకేమనిపించింది?"

మొదట్లో నాకు భయం వేసేది. బడిలో సార్లు అడిగే ప్రశ్నలకు జవాబు పుస్తకంలో ఉంటుంది. ఇంట్లో అమ్మా నాయనా అలసిపోయి వచ్చేవాళ్ళు. తిన్నావా, రాసుకున్నావా అనేవాళ్ళు తప్ప ఏమనిపించిందని ఎవరు అడుగుతారు? "అర్థం కాలేదు ఖాలా," అనేదాన్ని.

"అర్థం కాకపోతే కాలే. నాకు మాత్రం అయిందా? నచ్చిందా లేదా, అది చెప్పు. ఎందుకో చెప్పు."

ఒకసారి ఒక ముసలాయన సినిమా చూశాం. చైనానో జపానో. ఆయన ఒక్కడే ఇంట్లో ఉంటాడు. వండుకుంటాడు, తింటాడు, గిన్నె కడుగుతాడు. ఖాలా కాలు ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఏముంది ఇందులో? తింటాడు, కడుగుతాడు, మళ్ళా తింటాడు. మా ఇంట్లో నేను చేసేది ఇదే. దీనికి టిక్కెట్టు ఎవరు కొంటారు?" అంది.

నేను భయపడుతూనే అన్నాను: "కడిగేటప్పుడు రెండు గిన్నెలు కడిగినాడు ఖాలా. ఒకదాంట్లో ఎవరూ తినలే."

మిషన్ ఆగింది. ఆమె నావైపు చూసింది. "మళ్ళా పెట్టు," అంది. మళ్ళీ పెట్టాను. ఈసారి ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముసలాయన రెండో గిన్నె కడిగి, తుడిచి, మొదటి గిన్నె పక్కన బోర్లించేదాకా కదలలేదు. ఆమె భర్త పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు.

"నువ్వు చూసింది నేను చూడలే అమ్మీ," అంది చివరికి. నేను ఏడో తరగతిలో ఉన్నాను. పెద్దవాళ్ళు ఎవరైనా నాతో ఆ మాట అనడం అదే మొదలు. ఈ రోజుకూ నేను క్లాసులో పద్యమైనా కథైనా చదివించాక, వెనక బెంచీలో తలొంచుకున్న పిల్లను లేపి, నీకేమనిపించింది అని అడుగుతాను. అర్థం కాలేదు మేడమ్ అంటే ఖాలా మాటే చెప్తాను.

ఇక ఆ రెండు సీడీల సంగతి చెప్పాలి.

అప్పట్లో ఒక సినిమా రెండు సీడీల్లో వచ్చేది. మొదటి దాంట్లో ఇంటర్వెల్ దాకా, రెండో దాంట్లో మిగతాది. సంచుల్లో పోయడంతో అన్నీ కలగాపులగమైపోయాయి. అట్టపెట్టెలు పోయాయి. ఖాలా తీరిక ఉన్నప్పుడు ఒక్కోటి వేసి చూసి, దేనికి ఏది జతో పోల్చుకుని, రెంటినీ ఒక కవర్లో పెట్టి, రవికె గుడ్డ పీలికతో కట్టేది. అలా కట్టిన వాటిలో గొర్రెల సినిమా ఒకటి.

ఏ దేశమో తెలియదు. నలుపు తెలుపు. మా వైపు నేలలాగే రాళ్ళు, తుప్పలు. ఒక తండ్రి, ఒక కూతురు, గొర్రెల మంద. కూతురికి చేత్తో తిప్పే కుట్టుమిషన్ ఒకటి ఉంటుంది, పైన గుండ్రటి చెక్కమూతతో. ఖాలా దగ్గర అటకమీద ఉన్నదీ అలాంటిదే. అందుకే ఆ సినిమా మొదలవగానే ఆమె కాలు ఆగింది. కూతురు పట్నం పోతానంటుంది. తండ్రి మాట్లాడడు. ఒక పొద్దున ఆ మిషన్ పెట్టె చేత్తో పట్టుకుని ఆమె బాట వెంట పోతుంది. తండ్రి గొర్రెల మధ్య నిలబడి వెనక్కి తిరగడు. మొదటి సీడీ అక్కడ అయిపోతుంది.

రెండో సీడీలో ఆమె తిరిగొస్తుంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంటుంది. రైలు దిగుతుంది. అక్కడ నిలబడ్డ ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకుంటాడు. ఏమీ మాట్లాడలేడు. ఆమె చేతిలో సంచి తీసుకుంటాడు. ఇద్దరూ ఒక పొడుగాటి వీధి వెంట నడుస్తారు. ఖాలాకు అన్నిటికన్నా ఇష్టమైన సినిమా అది. నాకూ అంతే.

నేను డిగ్రీ మార్కాపురంలోనే చదివాను. ఆ తర్వాత హైదరాబాదు యూనివర్సిటీలో ఎమ్మేకు సీటొచ్చింది. నాయన వద్దన్నాడు. ఆయన కోప్పడలేదు, చదువు ఎందుకనీ అనలేదు. "పోయినోళ్ళు ఎవురు తిరిగొచ్చినారు?" అన్నాడు, అంతే. మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, బెంగళూరుకు కట్టడం పనికి పోయాడు. మొదట్లో అప్పుడప్పుడు కబురు వచ్చేది. తర్వాత అదీ లేదు. నాయన రెండుసార్లు పోయి వెతికి వచ్చాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు. చేరాల్సిన గడువు దగ్గరపడింది. నేను ఖాలా ఇంట్లో కూర్చుని ఏడ్చాను.

"గట్టిగా ఏడువు, ఇదేమన్నా ఫారిన్ సినిమానా?" అంది ఆమె. నన్ను నవ్వించి, "రేపు ఆదివారం. మిల్లు లేదు కదా మీ నాయనకు?" అని అడిగింది.

మర్నాడు పొద్దున గోడమీదుగా కేకేసింది. "తమ్ముడూ! మిషన్ బెల్టు ఊడింది. ఒక్కసారి వచ్చి పో."

నాయన వచ్చి బెల్టు ఎక్కించాడు. అది ఊడింది కాదని, ఊడదీసిందని నాకు తెలుసు. "టీ పెట్టినా, తాగి పో. గొర్రెల సినిమా ఉంది, చూద్దువు," అంది ఖాలా. నాయన సినిమాలు చూసే మనిషి కాదు. కానీ గొర్రెలు అనేసరికి గడప మీద కూర్చున్నాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

"ఆ ముందర పోయేదానికి కాలు కుంటుతా ఉంది," అన్నాడు కాసేపటికి. ఇంకాసేపటికి, "ఆ కుక్క ఏం కుక్క, ఊరికే తిరుగుతా ఉంది. మందను తిప్పేది తెలియదు దానికి," అన్నాడు. జీవాలు అమ్మేసిన తర్వాత ఆయన గొర్రెల గురించి మాట్లాడగా నేను వినలేదు. అమ్మ కూడా గోడ దగ్గరికొచ్చి నిలబడి వింది.

కూతురు పెట్టె పట్టుకుని బాట వెంట పోయింది. సీడీ అయిపోయింది. నాయన టక్కున లేచాడు.

"పోయొస్తా అక్కా."

"ఆగు. రెండో సీడీ ఉంది."

ఆమె సీడీ మార్చబోతుండగా కరెంటు పోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆదివారం కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం. నాయన నిలబడే ఉన్నాడు. చెప్పుల్లో కాలు పెట్టాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ గడప మీద కూర్చున్నాడు.

ఖాలా ఇంకో టీ పెట్టింది. ముగ్గురం చీకటి టీవీని చూస్తూ కూర్చున్నాం.

"ఆ పిల్ల..." అని ఆగిపోయాడు నాయన.

"కరెంటు రానీ తమ్ముడూ. నేను చెప్తే ఏం బాగుంటుంది."

కరెంటు వచ్చింది. రెండో సీడీ తిరిగింది. రైలు ఆగింది. పొట్టి జుట్టు ఆమె దిగింది.

"జుట్టు ఏంది అట్ల ఉంది?" అన్నాడు నాయన.

"పట్నం పోయినోళ్ళు కత్తిరించుకోరా?"

నాయన తల ముందుకు పెట్టి టీవీనే చూశాడు. "ముసలాయన కూడా శానా చిక్కినాడు," అన్నాడు నెమ్మదిగా.

"బిడ్డ ఊర్లో లేకపోతే చిక్కడా?"

"జీవాలు ఏమైనాయి? కనపడవే."

"అమ్మేసినాడు," అంది ఖాలా. ఒక్క క్షణం ఆగి, "నువ్వు అమ్మలే?" అంది.

ముసలాయన టోపీ తీసి, సంచి అందుకుని, వీధి వెంట నడిచిపోయేదాకా నాయన చూశాడు. లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "తిరిగొచ్చింది కదా అక్కా," అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

"నా కండ్లతో చూసినా, నువ్వూ చూసినావు," అంది ఖాలా.

మర్నాడు మిల్లుకు పోయేముందు నాయన నన్ను అడిగాడు: "హాస్టలుకు పెట్టె తీసుకపోవాల్నా, సంచి చాలునా?"

యూనివర్సిటీలో శనివారం సాయంత్రాలు పాత ఫారిన్ సినిమాలు వేసేవాళ్ళు. మొదటి ఏడాదిలోనే ఒక శనివారం తెర మీద రాళ్ళు, తుప్పలు, గొర్రెల మంద కనిపించాయి. నేను దాదాపు అరిచాను. ముందర పోయే గొర్రె కుంటుతోంది. కుక్క ఊరికే తిరుగుతోంది. పక్కన కూర్చున్న నా స్నేహితురాలి చేయి పట్టుకుని, "ఇది మా ఖాలా సినిమా. చివర్లో తిరిగొస్తుంది చూడు," అన్నాను.

కూతురు పెట్టె పట్టుకుని పోయింది. నేను రైలు కోసం చూస్తున్నాను. రైలు రాలేదు. ఆమె పట్నంలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో చేరింది. జుట్టు పొడుగ్గానే ఉంది. వరసగా మిషన్లు, వాటి ముందు వంగిన ఆడవాళ్ళు, వాళ్ళలో ఆమె. కెమెరా వెనక్కి జరిగేకొద్దీ ఆమె ఎవరో కూడా తెలియకుండా పోయింది. సినిమా అయిపోయింది. తండ్రిని మళ్ళీ చూపించనేలేదు.

"రాలేదే?" అంది స్నేహితురాలు.

ఖాలా పాపం తెలియక వేరే సినిమా రెండో సీడీని దీనికి జత కట్టింది. నాయన నన్ను పంపింది ఆ రెండో సీడీని నమ్మి. హాస్టలు గదిలో పడుకుంటే ఆ మిషన్ల వరసే కళ్ళముందు నిలబడేది.

సెలవులకు ఇంటికి వెళ్ళగానే ఖాలా దగ్గరికి పోయాను. ఆమె ఎవరిదో రవికెకు చేతులు అతుకుతోంది. ఎలా చెప్పాలో తెలియక, నొచ్చుకుంటుందేమోనని జంకుతూ, చూసిందంతా చెప్పాను. ఆ పిల్ల తిరిగి రాలేదు ఖాలా, రెండో సీడీలో ఉన్నది వేరే ఆమె, అన్నాను.

ఆమె కాలు ఆగలేదు.

"ఆ సంగతి నాకు తెలియదా?" అంది. "మొదటి దాంట్లో పిల్లకు భుజాలు జారుడు. రెండో దాంట్లో ఆమెకు వెడల్పు. ఇన్నేండ్లు రవికెలు కుట్టినదాన్ని, ఇద్దరు ఆడోళ్ళను ఒకరనుకుంటానా?"

"తెలిసే కట్టినావా?" అన్నాను.

"దాని రెండో సీడీ సంచుల్లో శానా వెతికినా. దొరకలే. పిల్ల ఇల్లు దాటి పోయింది, అంతటితో ఆగింది. ఏమైందో ఏమో. నాకు రెండు దినాలు అన్నం పోలే. ఈ రెండో దానికేమో మొదటిది లేదు. ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా ఎవరో దిగుతా ఉంది. పోయినామె ఒకపక్క, వచ్చినామె ఒకపక్క. ఎట్ల ఊరుకోవాల? ఒక్కచోట పెట్టినా."

దారం తెంచి రవికెను దులిపింది.

"తీసినోళ్ళు అట్ల తీసినారు. వాళ్ళ ఇష్టం. నా ఇంట్లో మాత్రం వస్తుంది." నావైపు చూసి, "ఏందట్ల చూస్తావు? నువ్వు రాలే ఇప్పుడు?" అంది.

ఆ ఒక్క మాటతో నా మనసులోంచి ఆ మిషన్ల వరస పోయింది. నాయనకు నేను ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఒకటి మాత్రం పట్టుదలగా చేశాను. చదువు అయ్యేదాకా, ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా, వీలున్న ప్రతి సెలవుకూ మార్కాపురం బస్సు ఎక్కాను. బస్సు దిగి ఇంటికి పోయేముందు ఖాలా గడప దగ్గర ఆగేదాన్ని. ఆమె తల ఎత్తి, "రెండో సీడీ వచ్చింది!" అని గోడవతల మా ఇంటికి వినిపించేలా కేకేసేది. ఆ మాటకు అర్థం మా ఇద్దరికే తెలుసు.

ఆ రెండు సీడీలనూ ఆమె కలిపి ఉండకపోతే నా కథ మొదటి సీడీ దగ్గరే ఆగిపోయేది. ఆమె బతికుండగా ఈ మాట ఆమెకు చెప్పాను. అందుకు సంతోషంగా ఉంది. "చాల్లే, పాత సినిమా మాదిరి మాట్లాడకు," అని తిట్టింది, కానీ కాలు ఆపింది.

ఆ రోజు బస్సు మార్కాపురం చేరేసరికి ఎండ ఇంకా దిగలేదు. నేను వస్తున్నానని అమ్మ చెప్పినట్టుంది, నాయన బస్టాండులో నిలబడి ఉన్నాడు. మిల్లు బట్టల మీద పలకల దుమ్ము అలాగే ఉంది. నన్ను చూసి తలకు చుట్టిన తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. నా చేతిలో సంచి తీసుకున్నాడు. అందులో ఒక జత బట్టలు తప్ప ఏమీ లేవు, బరువు లేదు. అయినా భుజానికెత్తుకున్నాడు.

నాలుగడుగులు వేశాక నా వైపు తిరిగి చూశాడు. ఈ ఎండాకాలం హైదరాబాదులో నీళ్ళకు కష్టమై నేను జుట్టు మెడ దాకా కత్తిరించుకున్నాను. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

"జుట్టు కత్తిరించుకున్నావు," అన్నాడు.

"ఊ."

"మీ ఖాలా అప్పుడే చెప్పింది," అన్నాడు నాయన.

నడిచాం. మా వీధి పొడుగూ ఎండ పరుచుకుని ఉంది. చివరన ఖాలా ఇంటిముందు టెంటు, కుర్చీలు, తెల్ల టోపీలు పెట్టుకున్న మనుషులు. ఆమె తలుపు బార్లా తెరిచి ఉంది. ఎవరో మిషన్‌ను గోడవారకు జరిపి పెట్టారు. నాయన నా సంచి భుజాన పెట్టుకుని, తువ్వాలు చేత్తో పట్టుకుని, నాకంటే ఒక అడుగు ముందు నడుస్తున్నాడు. గడప దగ్గర ఆగాడు. లోపలినుంచి కేక వినిపిస్తుందేమోనని ఇద్దరం కాసేపు అలాగే నిలబడ్డాం.